మాష్టారి ముచ్చట: శశిరేఖ భారతంలో ఉన్నదా?

పిల్లలూ!

కిందటి నెల మా ఇంట్లో ఒక యుద్ధం జరిగింది. కత్తులు లేవు, బల్లేలు లేవు. యోధులు ఇద్దరు. ఒకతె మా మనవరాలు, ఎనిమిదో తరగతి. రెండవది పై అంతస్తులో ఉండే అమ్మాయి, అదే తరగతి. ఒకటో తరగతి నుంచీ ఒకే బల్లమీద కూర్చున్నవాళ్ళు. ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్ళు. అటువంటి ఇద్దరు మూడురోజులు మాట్లాడుకోలేదు!

ఎందుకనుకొన్నారు? ఒక బొమ్మల కథ కోసం.

మేము ఉండేది హైదరాబాదులో, జూబిలీ హిల్సును ఆనుకొని ఉన్న ఫిలింనగరులో. తెలుగు ఫిలిం ఛాంబరు ఇక్కడే ఉన్నది. కాస్త పైకి నడిస్తే రామానాయుడు స్టూడియో. గుండ్రాళ్ళ కొండల మధ్య కట్టిన ఊరు కాబట్టి ఏ వీధి చూచినా ఎక్కుడో, దిగుడో. ఇక్కడ టీకొట్టు ముందు అయిదు నిమిషాలు నిలబడితే చాలు, ఏ సినిమా బాగున్నదో, ఏది బాగులేదో, ఎవరు ఆ వేషానికి తగరో, మొత్తం తీర్పులన్నీ వినబడతాయి. కథలమీద పోట్లాడుకోవటం ఈ ఊరి గాలిలోనే ఉన్నది. అందుచేత పిల్లలిద్దరి తగాదా నాకు మొదట నవ్వు తెప్పించింది. మూడోరోజున మా మనవరాలు అన్నం సరిగా తినకపోయేసరికి నవ్వు పోయింది.

"తాతయ్యా, నువ్వే చెప్పు. నువ్వు హెడ్మాస్టరువి గదా!" అన్నది.

"ముందు కథ ఏమిటో చెప్పు తల్లీ," అన్నాను.

కథ జపాను దేశానిది. పేరు ఇనుయాషా. రాసి, బొమ్మలు గీసినది రుమికో తకహాషి అనే ఆవిడ. జపానులో బొమ్మల కథలను మాంగా అంటారు. ఈ మాంగా 1996లో ఒక పిల్లల వారపత్రికలో మొదలై, వారం వారం సాగి సాగి 2008లో ముగిసింది. అంటే పన్నెండేళ్ళు! పుస్తకాలుగా కట్టితే 56 సంపుటాలు అయినవి. కగోమె అనే బడిపిల్ల తమ ఇంటి దగ్గర గుడి బావిలో పడి, అయిదువందల ఏళ్ళ వెనకటి కాలంలో తేలుతుంది. అక్కడ సగం మనిషి, సగం భూతం అయిన ఇనుయాషా కనబడతాడు. ముక్కలు ముక్కలై చెదరిపోయిన ఒక మహిమగల మణిని వాళ్ళు వెతుకుతూ తిరుగుతారు. ఈ తిరుగుడులో వాళ్ళ మధ్య ప్రేమ పుడుతుంది. అయితే అతడు పూర్వం కిక్యో అనే పూజారిణిని ప్రేమించి ఉన్నాడు. ఇంకేం, పాఠకులు రెండు పక్షాలైనారు!

ఈ కథను 2000 నుంచి 2004 వరకు టెలివిజనులో కదిలే బొమ్మలుగా చూపించారు. అప్పటికి అసలు కథ ఇంకా పూర్తి కాలేదు. మిగిలినది 2009లోనూ, 2010లోనూ చూపించారు. ఇక 2020లో ఆ నాయకుల కూతుళ్ళ కథ అంటూ యషాహిమె అని కొత్తది మొదలుపెట్టారు. ఇది ఆ 56 సంపుటాలలో లేనిది. మా ఇంట్లో రగిలిన నిప్పు ఇదే. "పుస్తకంలో లేనిది అబద్ధం" అని మా మనవరాలు. "నాకు నచ్చింది, అదీ కథే" అని పై అంతస్తు అమ్మాయి. మాటా మాటా పెరిగి, "నీకు కథలే అర్థం కావు" అని ఒకరు, "నీకు మనసే లేదు" అని ఒకరు అనుకొన్నారు.

నేను తీర్పు చెప్పేముందు చదవాలి గదా! మొదటి సంపుటం తీసుకొని కళ్ళజోడు పెట్టుకొని కూర్చున్నాను. పది పేజీలు చదివినా తలా తోకా తెలియలేదు. మా మనవరాలు వచ్చి పకపకా నవ్వింది. జపాను పుస్తకం కుడినుంచి ఎడమకు చదవాలట! నేను కథ చివరనుంచి మొదటికి నడుస్తున్నాను. అరవైయేళ్ళు దాటినా నేర్చుకోవలసినది ఉన్నది చూచారా!

ఆ నవ్వులో నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చి నవ్వు ఆగిపోయింది. అది మీకు చెప్పాలి.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాల. ఆరుమాసాల పరీక్షలో "అభిమన్యుని భార్య ఎవరు?" అని ప్రశ్న ఇచ్చాను. ఒక కుర్రవాడు "శశిరేఖ" అని రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టివేసి సున్నా పెట్టాను. అంతటితో ఊరుకొన్నానా? లేదు. ఆ జవాబును తరగతిలో పైకి చదివాను. "సినిమాలు చూచి భారతం నేర్చుకొనేవాడు వీడు!" అన్నాను. తరగతి అంతా గొల్లుమన్నది.

వాడు నెమ్మదిగా లేచి, "సినిమా కాదండీ, మా తాత చెప్పాడండీ," అన్నాడు. వాళ్ళ తాత నాటకాలలో హార్మోనియం వాయించేవాడట. నేను వినలేదు. "కూర్చో" అన్నాను. ఆ తరువాత ఆ ఏడాది అంతా వాడు చెయ్యి ఎత్తలేదు. మరుసటి ఏడు వాళ్ళ కుటుంబం వేరే ఊరు వెళ్ళిపోయింది.

సరే, ఎవరు ఒప్పు? పుస్తకం తెరిచి చూస్తే నేనే ఒప్పు. వ్యాసుడి భారతంలో అభిమన్యుని భార్య ఉత్తర, విరాటరాజు కూతురు. మన తిక్కనగారి విరాటపర్వం చివరన వారి పెళ్లి జరుగుతుంది. బలరాముడికి శశిరేఖ అనే కూతురు ఉన్నట్టు వ్యాసుడు చెప్పలేదు, మన కవిత్రయమూ చెప్పలేదు.

మరి ఆమె ఎక్కడినుంచి వచ్చింది? జనంలోనుంచి వచ్చింది. పేర్లు కూడా ఊరూరికీ మారతాయి. మనకు శశిరేఖ, తమిళులకు వత్సల, మరాఠీవారికి సురేఖ. 1921లోనే బాబూరావు పెయింటరుగారు మహారాష్ట్రలో సురేఖాహరణ్ అనే మూకీ సినిమా తీశారు. మన తెలుగుదేశంలో సురభివారి నాటకాలు ఈ కథను ఊరూరికీ మోసుకొని వెళ్ళినవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలు అవి. రంగస్థలం మీద మంటలు, మాయలు, గాలిలో ఎగిరే వేషగాళ్ళు! మాయాబజారు నాటకమంటే బండ్లు కట్టుకొని వచ్చి చూచేవారు. 1936లో పి.వి. దాసుగారు తెలుగులో టాకీ తీశారు. అందులో శాంతకుమారిగారు శశిరేఖ. ఆ తరువాత 1957 మార్చి 27న విజయావారి మాయాబజార్ వచ్చింది. కె.వి. రెడ్డిగారు దర్శకులు. మద్రాసులో తీశారు. అప్పటికి తెలుగు సినిమా ఇంకా హైదరాబాదుకు మకాం మార్చలేదు.

ఇప్పుడొక విచిత్రం చూడండి. ఆ సినిమాలో అభిమన్యుడు ఉన్నాడు, సుభద్ర ఉన్నది, ఘటోత్కచుడు ఉన్నాడు. పాండవులు అయిదుగురిలో ఒక్కడైనా తెరమీద కనబడడు! పాండవులు లేని పాండవుల కథ! మరొకటి. భారతంలో దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారుడు యుద్ధంలో అభిమన్యుని చేతిలోనే చనిపోతాడు. కన్నీళ్ళు తెప్పించే ఘట్టం అది. మన కథకులు అదే ఇద్దరిని ఒక పెళ్లిపందిట్లోకి తెచ్చి, రేలంగిగారి లక్ష్మణకుమారుణ్ణి చూచి కడుపుబ్బ నవ్వేట్టు చేశారు. అబద్ధమాడాలని వారు ఈ పని చేయలేదు. తమకు ఇష్టమైన వాళ్ళతో ఇంకొంచెంసేపు గడపాలని చేశారు. జపానులో నాయకుల కూతుళ్ళకు కొత్త కథ కట్టినవారు కూడా అంతే గదా!

అయితే నా విద్యార్థి రాసినది పరీక్షలో తప్పే. భారతంమీద ప్రశ్న అది. కాని వాడికి తెలిసినదీ ఒక చదువే. నేను "ఇది భారతంలో లేదు నాయనా, జనంలో ఉన్నది. మీ తాతను అడిగి రేపు ఆ కథ తరగతికి చెప్పు," అని ఉంటే? తరగతిలో అందరికీ రెండు కథలు వచ్చేవి. వాడి చెయ్యి కిందికి దిగేది కాదు. సున్నా పెట్టటం నా తప్పు కాదు, నవ్వించటం నా తప్పు. ఈ మాట వాడికి చెప్పే అవకాశం నాకు దొరకలేదు. అందుకని మీకు చెబుతున్నాను.

ఆ సాయంత్రం ఇద్దరు పిల్లలనూ మా వసారాలో కూర్చోబెట్టి మాయాబజార్ వేశాను. ఒక గంట నలుపు తెలుపులో, ఒక గంట రంగులలో. ఎందుకంటే ఈ సినిమాకు 2010 జనవరిలో మన హైదరాబాదు సంస్థ ఒకటి రంగులు వేసి మళ్ళీ విడుదల చేసింది. అప్పుడు పెద్దవాళ్ళలో ఎంత వాదం లేచిందో! "వెన్నెలను పాడుచేశారు" అని కొందరు. "మా పిల్లలు మొదటిసారి కదలకుండా చూచారు" అని కొందరు.

మీరయితే ఏ పక్షం? జవాబు చెప్పేముందు ఒక చిన్న ప్రయోగం చేయండి.

ఒక తెల్ల కాగితంమీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు పెన్సిళ్ళతో నాలుగు గళ్ళు నింపండి. గట్టిగా రుద్దితే ముదురు, మెల్లగా రుద్దితే లేత. నాలుగూ దాదాపు ఒకే ముదురుగా ఉండేట్టు రుద్దండి. ఇంట్లో పెద్దవాళ్ళ సెల్‌ఫోను తీసుకొని నలుపు తెలుపులో ఫొటో తీయండి. ఆ ఫొటోను కాగితం చూడనివాళ్ళకు చూపి, ఏది ఏ రంగో చెప్పమనండి. చెప్పలేరు! ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదరంగుగా కనబడతాయి.

కారణం ఇది. నలుపు తెలుపు ఫొటోలో ప్రతి చోట వెలుగు ఎంత ఉన్నదో మాత్రమే నమోదవుతుంది. ఆ వెలుగు ఏ రంగుదో నమోదు కాదు. పోయిన సమాచారం పోయినట్టే. ఎంత గొప్ప యంత్రమైనా ఆ బూడిదరంగునుంచి మాత్రమే చూచి, సావిత్రిగారి చీర ఎరుపో ఆకుపచ్చో రుజువుచేసి చెప్పలేదు. కాబట్టి రంగులు వేసేవాళ్ళు ఆలోచించి, పోల్చి, ఒక రంగును నిర్ణయించుకొంటారు. వెలుగునీడలు పాత ఫిలింవి, రంగు కొత్తవాళ్ళది. అంటే వాళ్ళు కూడా కథను ఇంకొకసారి చెప్పినవాళ్ళే!

పని ఎంతో లెక్క కట్టుదాం. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. నిమిషానికి 1,440. గంటకు 86,400. మూడు గంటల సినిమా అయితే 2,59,200 బొమ్మలు! బొమ్మ కదిలితే రంగూ దానితో కదలాలి, లేకపోతే చీర రంగు చేతిమీదికి కారినట్టు కనబడుతుంది. ఇంత శ్రమను "పాడుచేశారు" అని ఒక్క మాటతో తోసివేయటం న్యాయం కాదు. అలాగే రంగు లేనిది పాతచింతకాయ పచ్చడి అనటమూ న్యాయం కాదు. పడవ పాటలో మార్కస్ బార్ట్లేగారు కెమెరాతో సృష్టించిన వెన్నెల చూచారా? చేతిలో ఉన్న నలుపూ తెలుపూ ఈ రెండింటితోనే ఆయన చల్లదనం పుట్టించారు.

సినిమా చూస్తూండగా పై అంతస్తు అమ్మాయి అడిగింది: "తాతగారూ, ఎన్టీ రామారావుగారిని తప్ప ఇంకొకరిని కృష్ణుడుగా ఊహించలేమని మా నాన్న అంటాడు. నిజమేనా?"

"ఆ మాట 1956లో అని ఉంటే నవ్వేవారు తల్లీ!" అన్నాను. మాయాబజారుకు ముందు సొంతవూరు అనే సినిమాలో ఆయన కొద్దిసేపు కృష్ణుడుగా కనబడ్డారు. జనం మెచ్చలేదు. అందుచేత మాయాబజారులో ఆ వేషానికి ఆయనే మొదట జంకారని చెబుతారు. కె.వి. రెడ్డిగారు పట్టుబట్టారు. కిరీటం, నగలు, నడక, అన్నీ శ్రద్ధగా చూచుకొన్నారు. తరువాత సంగతి మీకు తెలుసు. ఎన్నో సినిమాలలో ఆయనే కృష్ణుడు. వద్దన్న జనమే ఇళ్ళలో ఆ బొమ్మ పెట్టుకొన్నారు. అభిమానుల తీర్పు రాతిమీద గీత కాదు, మారుతుంది. మారటం సిగ్గుపడవలసిన పని కూడా కాదు.

ఇంకొకటి చూడండి. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండినప్పుడు ఒక వార్తా ఛానెలు ఓట్లు పెడితే మాయాబజారే దేశంలోకెల్ల గొప్ప సినిమాగా నెగ్గింది. నాకు ఎంత సంతోషమో! కాని మనవరాలు నన్ను పట్టుకొన్నది. "తాతయ్యా, ఓట్లు వేసినవాళ్ళందరూ అన్ని సినిమాలూ చూచారా?" అన్నది. ప్రశ్న బాగున్నది. ఓట్లు లెక్కిస్తే ఎంతమందికి ఇష్టమో తెలుస్తుంది. ఏది ఎక్కువ గొప్పదో తెలియదు. నా సంతోషం మాత్రం తగ్గలేదు సుమా!

చివరకు వాళ్ళ తగాదా దగ్గరకు వచ్చాము. నేను ఎవరు గెలిచారో చెప్పలేదు. కథమీద వచ్చే ప్రశ్నలు మూడు రకాలు అని మాత్రం చెప్పాను.

మొదటి రకం, చూచి తెలుసుకొనేవి. శశిరేఖ వ్యాసభారతంలో ఉన్నదా? కూతుళ్ళ కథ ఆ 56 సంపుటాలలో ఉన్నదా? వీటికి గొంతు పెంచనక్కరలేదు, పుస్తకం తెరిస్తే చాలు.

రెండవ రకం, ఆలోచించి తేల్చుకొనేవి. కొత్తగా చెప్పినవాడు పాత్రల స్వభావం నిలిపాడా? మార్చితే ఎందుకు మార్చాడు? శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రిగారు ఎలా చూపించారు? ముఖం శశిరేఖది, నడకా చూపూ రాక్షసుడివి. అలా కథలోనుంచి సాక్ష్యం తెచ్చి వాదించాలి.

మూడవ రకం, నచ్చటం నచ్చకపోవటం. వీటికి రుజువులు ఉండవు. నాకు కాకరకాయ ఇష్టం, మా మనవరాలికి కాదు. ఇందులో ఓడేవాడెవడు? ఇక్కడ చేయవలసినది వినటమే.

తగాదాలు ఎక్కడ పుడతాయో తెలుసా? మూడవ రకం ప్రశ్నకు మొదటి రకం జవాబు ఇచ్చినప్పుడు. "నాకు నచ్చింది" అని ఒకరంటే "పుస్తకంలో లేదు" అని ఇంకొకరంటారు. రెండూ నిజమే! రెండూ నిజమైనప్పుడు కొట్లాట దేనికి?

తరువాత ఒక షరతు పెట్టాను. ఎదుటిపిల్ల మాటను ముందు తన నోటితో చెప్పాలి. ఆ పిల్ల "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకొన్న తరువాతనే తన మాట చెప్పాలి.

మా మనవరాలు మొదలుపెట్టింది. రెండుసార్లు తప్పింది. మూడోసారి నెమ్మదిగా అన్నది: "నీకు ఆ కథ అయిపోతే బెంగగా ఉన్నది. అందుకని ఇంకా ఉంటే బాగుండునని నీకు అనిపించింది. అంతేనా?"

ఆ పిల్ల తల వంచుకొని, "అంతే," అన్నది. కాసేపటికి, "నువ్వేమో రాసినావిడ పన్నెండేళ్ళు కష్టపడి ముగించింది గదా, ఆ ముగింపును ఎవరూ కదపకూడదని అంటున్నావు," అన్నది.

"అవును! అదే!" అని మా మనవరాలు ఎగిరి గంతేసింది. అప్పుడు మెల్లగా ఇంకొక నిజం బయటపడింది. మనవరాలు ఆ కొత్తకథను మొత్తం చూడనే లేదట! రెండు భాగాలు చూచి తీర్పు చెప్పింది. నేనేమీ అనలేదు. ఆ పల్లెటూరి తరగతిలో నేను రెండు మాటలు విని తీర్పు చెప్పలేదా?

వాళ్ళకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. నిన్న సాయంత్రం కూడా వసారాలో గట్టిగా వాదించుకొంటున్నారు. కాని ఇద్దరి మధ్యా ఒకే పళ్ళెంలో జంతికలు ఉన్నవి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు ఏ బొమ్మల కథమీదనో గంటలకొద్దీ వాదిస్తూంటే "పనికిమాలిన గోల" అని కోప్పడకండి. చదివినది గుర్తుపెట్టుకొని, పోల్చి, సాక్ష్యం చూపి మాట్లాడటం అక్కడే అలవాటవుతున్నది. ఆ పుస్తకం ఒకసారి మీరూ తెరవండి. ఏ వైపునుంచి తెరవాలో మాత్రం ముందు పిల్లలను అడగండి!

పిల్లలూ, ఈ నెల మీకు పని ఇది. మీ ఇంట్లో తాతనో, అమ్మమ్మనో, నాయనమ్మనో "నీకు తెలిసిన కథ పుస్తకంలో మరోలా ఉన్నదా?" అని అడగండి. వారు చెప్పినది ఒక పేజీలో రాయండి. పుస్తకంలో ఉన్నది ఇంకొక పేజీలో రాయండి. ఏది తప్పు అని రాయవద్దు. ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చి ఉంటుందో రాయండి. మీ మాష్టారికి చూపించండి.

మీ మాష్టారు గనక నవ్వితే, ఆయనకు ఈ పేజీ చదవమని ఇవ్వండి.